సత్య నాదెళ్ల మనవాడే, కానీ ఆయన ఉద్యోగ జీవితాన్ని మనం చదవలేదు

మా వీధి చివర ఉన్న ఒక కోచింగ్ సెంటర్ గోడ మీద మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్ల ఫొటో పెద్దదిగా వేసి, దాని కిందే ఐఐటీ ర్యాంకుల పట్టిక అంటించారు. ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఐఐటీ ప్రవేశ పరీక్షలో తాను నెగ్గలేకపోయానని ఆయనే స్వయంగా చెప్పుకున్నారు. మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, 1988లో అమెరికా వెళ్లి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మిల్వాకీ ప్రాంగణంలో ఎమ్మెస్ చేసిన మనిషి ఆయన. ఈ సంగతి తెలిస్తే గుండె కుదుటపడే పిల్లలు ఆ భవనంలోనే వందల మంది ఉంటారు. వాళ్లకు ఆ మాట చెప్పే పెద్దవాళ్లు లేకపోవడం నన్ను కలచివేస్తోంది.

ఆయన మనవాడని గర్వపడటంలో తప్పేమీ లేదు. తండ్రి బి.ఎన్. యుగంధర్‌ది అనంతపురం జిల్లా బుక్కాపురం. గ్రామీణాభివృద్ధి కోసం పాటుపడిన ఐఏఎస్ అధికారిగా ఆయన పేరు నేటికీ గౌరవంగా తలుచుకుంటారు. తల్లి ప్రభావతి సంస్కృతం బోధించారు. కొడుకు చదివింది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. అయితే మనం చెప్పుకునే కథ ఆ బడి దగ్గర ఆగి, ఒక్కసారిగా 2014 ఫిబ్రవరి 4న ఆయన మైక్రోసాఫ్ట్ మూడో సీఈవో అయిన రోజుకు దూకుతుంది. 1992లో ఆ కంపెనీలో చేరినప్పటి నుంచి ఆ రోజు దాకా గడిచిన 22 ఏళ్ల గురించి మనకు ఒక్క వాక్యం కూడా రాదు. పద్దెనిమిదేళ్లుగా సర్వర్ల (ఇతర కంప్యూటర్లకు సేవలందించే పెద్ద కంప్యూటర్ల) నిర్వహణలోనే ఉన్న నాకు, ఆయన జీవితంలో అన్నిటికన్నా విలువైన భాగం అదే అనిపిస్తుంది.

2007 ప్రాంతంలో ఆయన్ని సెర్చ్ విభాగానికి రమ్మన్నారు. అప్పటికే ఆ రంగమంతా గూగుల్ చేతిలో ఉంది. అక్కడ విఫలమైతే కంపెనీలో మరో చోటు దొరక్కపోవచ్చని నాటి సీఈవో స్టీవ్ బామర్ ముందే హెచ్చరించారు. లాభాలు గడిస్తున్న విభాగంలో నిశ్చింతగా ఉన్నవాళ్లెవరూ కోరుకునే బదిలీ కాదది. ఆయన వెళ్లారు. ఆ విభాగం తెచ్చిన సెర్చ్ ఇంజిన్ బింగ్ గూగుల్‌ను ఓడించలేదు. కానీ లక్షల మంది ఒకేసారి వాడుకునే సేవను రాత్రింబవళ్లు ఆగకుండా నడపడమంటే ఏమిటో ఆయన అక్కడే నేర్చుకున్నారు. 2011లో సర్వర్ల విభాగం చేతికొచ్చినప్పుడు ఆ విద్యే అక్కరకొచ్చింది. సర్వర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అమ్మి ఏటా దండిగా లాభం తెచ్చే విభాగమది. క్లౌడ్ అంటే అదే కంప్యూటింగ్ సామర్థ్యాన్ని ఇంటర్నెట్ ద్వారా నెలనెలా అద్దెకివ్వడం. పెట్టుబడి ముందే పెట్టాలి, లాభం తర్వాతెప్పుడో వస్తుంది, పైగా తమ లైసెన్సు అమ్మకాలకు తామే గండి కొట్టుకోవాలి. బాగా నడుస్తున్న వ్యాపారాన్ని దాన్ని నడిపేవాళ్ల చేతనే మార్పించడం ఎంత కష్టమో, మా ఆఫీసులో ఒక పాత డేటా సెంటర్‌ను క్లౌడ్‌కు తరలించడానికి మూడేళ్లు పట్టడం చూసిన నాకు తెలుసు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజ్యూర్ ఈనాడు ఇంతగా ఎదిగిందంటే దానికి పునాది ఆ పేరులేని ఏళ్లలోనే పడింది.

సీఈవో అయ్యాక చేసిన పనుల్లో కొనుగోళ్ల కంటే వదులుకున్నవే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి. బాధ్యతలు చేపట్టిన రెండు నెలల్లోపే పోటీ కంపెనీ యాపిల్ ఐప్యాడ్ కోసం తమ ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశారు. 2001లో బామర్ క్యాన్సర్‌తో పోల్చిన, విండోస్‌కు పోటీగా ఉచితంగా దొరికే లినక్స్‌ను 2014లో వేదిక మీద నిలబడి ప్రేమిస్తున్నామని ప్రకటించారు. తన ముందరి సీఈవో కొనుగోలు ఖరారు చేసిన నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 2015లో 760 కోట్ల డాలర్ల నష్టంగా పద్దు కొట్టేశారు. ఆయన వచ్చేనాటికి సుమారు 30,000 కోట్ల డాలర్లున్న కంపెనీ మార్కెట్ విలువ 2024 జనవరిలో 3 లక్షల కోట్ల డాలర్లు దాటింది.

పొరపాట్లూ ఉన్నాయి. 2014 అక్టోబరులో మహిళా ఇంజినీర్ల సభలో, జీతం పెంచమని అడగకుండా వ్యవస్థను నమ్ముకోవడం మంచి కర్మ అన్న అర్థంలో ఆయన మాట్లాడారు. అది తప్పు మాట. తన జవాబు పూర్తిగా తప్పని అదే రోజు ఉద్యోగులకు రాశారు. ఆ రోజు నేను ఆయన్ని సమర్థిస్తూ ఇక్కడే పోస్టు పెట్టాను, మనవాడన్న ఒక్క కారణంతో. నా తోటి మహిళా ఉద్యోగులకు అది ఎంత నొప్పి కలిగించిందో తర్వాత తెలిసి తీసేశాను.

ఈ మనవాడన్న అభిమానమే లేఆఫ్‌ల (ఉద్యోగుల తొలగింపుల) విషయంలోనూ మన నోరు కట్టేస్తోంది. 2014లో 18,000 వరకు, 2023 జనవరిలో 10,000, 2025లో మే నెలలో సుమారు 6,000, జులైలో మళ్లీ సుమారు 9,000 ఉద్యోగాలు పోయాయి. నోకియా నాటి 2014 కోతలకు ఒక నష్టపు లెక్క ఉంది. 2025 కోతలకు అదీ లేదు. 2025 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో కంపెనీ నికర లాభం 10,000 కోట్ల డాలర్లు దాటింది. ఈ తొలగింపులు తన మనసు మీద భారంగా ఉన్నాయని ఆయన ఉద్యోగులకు రాసినప్పుడు నేను ఆ మాట నమ్మాను. నమ్మినా, అంత లాభం వచ్చిన ఏడాదిలో అంతమందిని పంపడం ఎందుకు తప్పలేదన్న ప్రశ్న అలాగే మిగిలింది. అదే పని వేరే ఊరివాడైన సీఈవో చేసుంటే మన పోస్టుల్లో ఎంత నిష్ఠూరంగా అడిగేవాళ్లమో మనకు తెలుసు.

1994లో ఆయన ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి వెళ్లి, చేతికొచ్చిన గ్రీన్ కార్డును వెనక్కి ఇచ్చేశారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల జీవిత భాగస్వామికి వీసా రావడానికి ఏళ్లు పట్టేది. ఉద్యోగం కోసం ఇచ్చే తాత్కాలిక వీసా హెచ్-1బీ మీద అయితే భార్య అనును వెంటనే తీసుకెళ్లగలరు. ఆయన బతుకులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నిర్ణయం అదే. ఆ వీసా మీదే బతుకుతున్న మన పిల్లలు ఎంతోమంది ఇవాళ అమెరికా కంపెనీల్లో ఉన్నారు. ఉద్యోగం పోతే వాళ్లకు మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఆ లోపు కొత్త ఉద్యోగమైనా దొరకాలి, లేదా ఇల్లు ఖాళీ చేసి, పిల్లల్ని బడి మాన్పించి తిరుగు ప్రయాణమైనా కట్టాలి.