గుండె ధైర్యం పేరుతో ఇంకెంతమందిని గనుల్లోకి పంపుతాం?

సీమలో ధైర్యం అనగానే బాంబు విసిరినవాడి కథలే వినిపిస్తాయి. సినిమావాళ్లు ఏళ్ల తరబడి దాన్నే అమ్ముకున్నారు, మనం ఈలలేసి కొన్నాం. బాంబును తీసేసినవాడి కథ మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ప్రేమీంద్ర సింగ్ భగత్ పేరు కడప, కర్నూలు, అనంతపురం బడుల్లో వినిపించాలని నేను పట్టుబట్టేది అందుకే.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ అందుకున్న తొలి భారతీయ అధికారి ఆయన. 1941 ఫిబ్రవరి నాటికి వయసు 22, సైన్యంలోని ఇంజనీర్ల దళమైన బాంబే సాపర్స్‌లో సెకండ్ లెఫ్టినెంట్. సూడాన్ సరిహద్దులోని మెటెమ్మా నుంచి వెనక్కి తగ్గుతున్న ఇటలీ సైన్యం దారి పొడవునా మందుపాతరలు పాతిపెట్టి పోయింది. తరుముతున్న మన దళానికి ముందు నడిచే క్యారియర్ బండిలో ఉన్నది భగత్. నాలుగు రోజులు, 55 మైళ్లు, 15 మందుపాతర క్షేత్రాలు. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా అదే పని. రెండుసార్లు ఆయన ఎక్కిన బండే పేలిపోయింది, తోటివాళ్లు పడిపోయారు. ఇంకోసారి శత్రువు పొంచి ఉండి దగ్గర నుంచి కాల్పులు జరిపాడు. పేలుడుకు ఒక చెవి కర్ణభేరి పగిలింది. అయినా పని ఆపలేదు.

ఇక చాలు, వేరేవాళ్లను పంపుతాం అని పైవాళ్లు అన్నారు. భగత్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణం ఆ పతకం ప్రశంసాపత్రంలోనే ఉంది: ఇన్ని మందుపాతరలు తీశాక ఈ పని తనకు బాగా పట్టుబడింది, కాబట్టి చివరిదాకా చేయడానికి తానే తగినవాడు. చావంటే భయం లేదనో, దేశం కోసం ప్రాణమిస్తాననో అనలేదు. పని వచ్చు కాబట్టి చేస్తానన్నాడు. కొత్తవాణ్ణి పంపితే వాడు చస్తాడు, వాడి వెనకాల వచ్చే దళమూ చస్తుంది. ఈ లెక్క వేయగలిగిన బుర్రనే నేను వీరత్వం అంటాను. మందుగుండు దగ్గర తెగింపు ఒక్కటే ఉన్నవాడు తనతోపాటు పదిమందిని తీసుకుపోతాడు.

తెల్లవాడి సామ్రాజ్యం కోసం చేసిన యుద్ధాన్ని ఇప్పుడెందుకు పొగడాలని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ బండి వెనకాల దారి కోసం ఎదురుచూసింది మన జవాన్లే, బతికి ఇళ్లకు చేరిందీ మన దేశపు బిడ్డలే. స్వతంత్రం వచ్చాక లెఫ్టినెంట్ జనరల్ స్థాయికి ఎదిగి, 1972లో కశ్మీర్ నియంత్రణ రేఖను గీసే చర్చల్లో భారత్ తరఫున కూర్చున్నదీ ఈ భగతే.

ఇప్పుడు మన గనులకు వద్దాం. 2018 ఆగస్టులో కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగింది. కనీసం పదిమంది పోయారు, ఎక్కువమంది ఒడిశా నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. 2021 మే నెలలో కడప జిల్లా మామిళ్లపల్లె ముగ్గురాళ్ల గని దగ్గర జిలెటిన్ స్టిక్స్ దించుతుంటే పేలి మరో పదిమంది దాకా చనిపోయారు. పేల్చేవాడికి బ్లాస్టర్ సర్టిఫికెట్ ఉండాలి. పేలకుండా మిగిలిన గుంత దగ్గరికి గడువు దాటకముందు పోకూడదు, అదే గుంతలో మళ్లీ డ్రిల్లు దించకూడదు. ఇవన్నీ కాగితం మీద ఉన్న నిబంధనలే. క్వారీలో మాత్రం 'వానికి గుండె ధైర్యం ఎక్కువలే' అనేదే అర్హత. కూలీని ముందుకు తోయడానికి ఇంతకన్నా చవకైన మాట యజమానికి దొరకదు. భగత్ కథను నిజంగా గౌరవించే సమాజమైతే, శిక్షణ లేని మనిషి చేతికి డిటోనేటర్ ఇచ్చినవాణ్ణి బోనులో నిలబెట్టేది.

1962 యుద్ధంలో మన ఓటమిపై విచారణ జరిపిన ఇద్దరిలో భగత్ ఒకరు. తప్పెక్కడ జరిగిందో రాసిచ్చారు, ఆ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు. గని ప్రమాదం జరిగినప్పుడల్లా మనమూ ఒక కమిటీ వేస్తాం. అది ఏం తేల్చిందో చనిపోయినవాడి భార్యకు ఎవరు చెబుతున్నారు?

అనంతపురం నుంచి బెంగళూరు నాలుగైదు గంటల ప్రయాణం. మందుగుండును ఎలా పట్టాలో, ఎలా పెట్టాలో, ఎలా తీయాలో జీవితమంతా నేర్చుకునే సైనిక దళం మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ ఉన్నది అక్కడే. అలాంటి పనిలో పండిన మాజీ సైనికులు రిటైరై వచ్చి ఏటీఎంల ముందు, అపార్టుమెంట్ల గేట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. వాళ్లకు సర్టిఫికెట్ ఇప్పించి, మంచి జీతంతో ప్రతి క్వారీలో భద్రతా బాధ్యత అప్పగించాలి. ఆ జీతం లీజుదారు కట్టాలి. కట్టనంటే లీజు రద్దు చేయాలి.