కొచ్చిలోని యూదుల ప్రార్థనామందిరం, మట్టాంచేరి పరదేశి సినగాగ్ గారికి

అయ్యా,

చెప్పులు బయట విడిచి, టికెట్ కొనుక్కుని మీ లోపలికొచ్చిన వేలమందిలో నేనొకణ్ణి. గుర్తుపట్టరు లెండి. మెడలెత్తి బెల్జియం దీపాలు చూశాం, మెడలు దించి చైనా పలకలు చూశాం. తెల్లటి పలక మీద చేత్తో వేసిన నీలిరంగు బొమ్మలు. ఏ రెండూ ఒకేలా ఉండవని గైడు అనడమే ఆలస్యం, మావాడు జంట వెతకడానికి నేలమీద బోర్లా పడ్డాడు. పక్కన నేనూ వంగాను, దాచడమెందుకు!

నేలమీది పలకల్లో ఇంత తేడాని ముచ్చటగా పరిచిన మీకు, మనుషుల్లో తేడా మాత్రం ఎందుకో పడలేదు. స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమితే ప్రాణాలు చేతపట్టుకుని వచ్చిన యూదులకు కొచ్చిన్ రాజు తన ప్యాలెస్ పక్కనే చోటిస్తే, 1568లో మీరు లేచారు. పోర్చుగీసువాళ్లు 1662లో పాడుచేస్తే డచ్చివాళ్ల హయాంలో మళ్లీ నిలబడ్డారు. ఇన్ని పడ్డవారు తలుపు విలువ తెలిసినవారే కదా? కానీ మీకంటే ముందునుంచీ ఆ నేల మీదున్న మలబారు యూదులను ‘నల్లవాళ్లు’ అన్నారు, సభ్యత్వం ఇవ్వలేదు. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ల పిల్లలకు, మనవలకు వసారాయే గతి. నిన్న దిగిన చుట్టం ఇంటాయన్ని అరుగు మీద కూర్చోబెట్టినట్టు!

ఆ వసారా కుటుంబాల్లో పుట్టిన ఎ.బి.సేలం గారు లాయరు చదివారు. అయినా మీ దగ్గర ఆయనదీ వసారా లెక్కే. ఆయన మీ మీదే సత్యాగ్రహం చేశారు. జనం ‘యూదు గాంధీ’ అన్నారు. మీరు దిగొచ్చారు, కానీ ఎంత తాపీగా!

సరే, తలుపులు తెరిచారు. లోపలికి రావాల్సినవాళ్లేమో 1948 తర్వాత ఒక్కొక్కరే ఇజ్రాయెల్ దారి పట్టారు. 1968లో మీ నాలుగువందల ఏళ్ల పండగకు ఇందిరా గాంధీ వచ్చారు, తపాలా బిళ్ల కూడా వేశారు. మర్యాదకేం లోటు లేదు. నిండు ప్రార్థనకు కావాల్సిన పదిమంది వయసొచ్చిన యూదు మగవాళ్లకే లోటు.

గైడు ఈ పదిమంది లెక్క చెబుతుంటే మావాడు లేచి, మోకాళ్లు దులుపుకుని, హాలంతా వేలితో లెక్కపెట్టాడు.

“ఇరవైముగ్గురం ఉన్నాం కదా నాన్నా, ఇంకా ఎవరికోసం ఆగారు?”

గైడు వినలేదు. తర్వాతి బ్యాచ్ వసారాలో నిలబడి ఉంది.

ఇట్లు,
టికెట్ మీద వచ్చిన ఒక పరదేశి