మైపాడు సముద్రంలో సూర్యాస్తమయం

నెల్లూరులోని ఒక చిత్రకళా శిక్షణ కేంద్రం పెట్టిన ప్రదర్శనలో, మైపాడు సముద్రంలోకి సూర్యుడు కుంకుతున్న పటానికి ప్రథమ బహుమతి ఇచ్చారు. సముద్రం తూర్పున ఉన్న జిల్లాలో ఇంతటి ఘనకార్యం సాధించిన వారిని అభినందించవలసిందే. మూలం ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే వేసిన ఎత్రెతా సూర్యాస్తమయం. ఫ్రాన్సులోని ఆ తీరం వాయవ్యానికి తిరిగి ఉంది కనుక అక్కడ పొద్దు నీళ్లలోనే దిగుతుంది. మనవాళ్లు గళ్లు గీసి ఆ పటాన్ని దించి, సుద్దకొండను అలాగే ఉంచి, పక్కన ఒక తాడిచెట్టు నాటి, కింద మైపాడు అని రాశారు.

పటం మారదు కాబట్టి జిల్లానే సరిదిద్దాలి. సోమవారం కలెక్టరుగారికి అర్జీ పెట్టుకుంటే, బంగాళాఖాతాన్ని వెలిగొండల అవతలికి తరలించి, ఉదయగిరి వారికి బీచిని, ఇందుకూరుపేట వారికి కొండను కేటాయించవచ్చు. సర్వేయరు గొలుసు పట్టుకుని అలలోకి దిగుతారు. అల వెనక్కి పోయినప్పుడల్లా హద్దు మారుతున్నదని నివేదిక పంపుతారు. సముద్రానికి పట్టాదారు పాసుపుస్తకం లేదు కనుక ఆన్‌లైన్‌లో మార్పు కుదరదని తహసీల్దారుగారు ఫైలు తిప్పి పంపుతారు. ఈలోగా సూర్యుడు పాత పద్ధతిలోనే ఉదయిస్తూ ఉంటాడు.

మోనే పటంలోని సూర్యుడి ఎత్తును, కొండ ఆకారాన్ని, సముద్రపు పోటుపాట్లను, ఆయన ఉత్తరాలను కలిపి లెక్కగట్టి, అది 1883 ఫిబ్రవరి 5 సాయంత్రం 4:53 నాటి దృశ్యమని టెక్సాస్ ఖగోళ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆయన తన సముద్రాన్ని అంత నిజాయితీగా చూశాడు. ఆ పటం నుంచి నేర్చుకోవలసింది ఆ చూపు. ఆ కొండ కాదు.

అదే తరగతిలో జాలర్ల పాలెం నుంచి వచ్చే ఒక అమ్మాయి, తెల్లవారుజామున ఒడ్డుకు చేరిన ఫైబర్ బోటును, దాని మీద కుప్పపోసిన నైలాన్ వలను, వెనుక రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు చిమ్మే నురగను వేసింది. మాస్టారు కుంచె తీసుకుని దాని మీద తెల్లరంగు పూశారు. కారణం, మూలంలో బోటు అలా లేదట! పుట్టినప్పటి నుంచి సముద్రాన్ని చూస్తున్న పిల్ల కళ్లకు గంతలు కట్టడానికి నెలనెలా ఫీజు ఎలా తీసుకోబుద్ధవుతోంది? ఆ పిల్లకు సముద్రం గురించి తెలిసినదాంట్లో వందో వంతైనా మీకు తెలుసా? నకలు దించడం తప్పు కాదు, పారిస్ మ్యూజియంలో మహామహులే కూర్చుని దించారు. కానీ పక్కవాడి బొమ్మ చెరపడం ఏ పాఠం?

మైపాడు మరీ దూరం కాదు, నెల్లూరు నుంచి బస్సులు కూడా ఉన్నాయి. మాస్టారు ఒక్కసారి వెళ్లి, సాయంత్రం ఐదింటికి సముద్రానికి ఎదురుగా నిలబడి, ఎండ తన వీపుకు ఎందుకు తగులుతోందో తెలుసుకుని రావాలి.