కారణం: ఊరికే

మహారాజశ్రీ గులాబీ రంగు ఔటింగ్ చీటీ గారి దివ్య సముఖమునకు,

విజయవాడ ఊరి బయట ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఎంపీసీ చదువుతున్న పిల్ల తండ్రి చేసుకునే విన్నపం. మేమిక్కడ క్షేమం. తమరు ఫ్లోర్ ఇన్‌చార్జి మేడమ్ టేబుల్ సొరుగులో, తాళం వెనక క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

చూడ్డానికి తమరు బస్సు టికెట్టుకి పెద్దన్నయ్యలా ఉంటారు, అంతే. కానీ తమరి మీద పడినన్ని సంతకాలు మా ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల మీద కూడా పడలేదు. ఫీజు బకాయి లేదని అకౌంట్స్ వాళ్ల స్టాంపు. పోయిన వారం టెస్టులో మార్కులు తగ్గలేదని డీన్ గారి టిక్కు. తర్వాత ఫ్లోర్ ఇన్‌చార్జి, ఆ తర్వాత ప్రిన్సిపాల్. ఇవన్నీ అయ్యాక గేటు దగ్గర వాచ్‌మన్ తమర్ని వెలుతురుకి ఎత్తి చూస్తాడు, ఐదువందల నోటుని చూసినట్టు. కన్నవాళ్లమని నిరూపించుకోవడానికి మా మెడలో కార్డులు. ఒకసారి నాకు కుదరక మా తమ్ముణ్ణి పంపిస్తే, కార్డులో ఫొటో లేదని వాణ్ణి గేటు దాటనివ్వలేదు. పిల్లని ఐదేళ్లు భుజాన మోసిన బాబాయి, సున్నుండల డబ్బా వాచ్‌మన్ చేతిలో పెట్టి వెనక్కొచ్చేశాడు. తమరి తప్పేం లేదు లెండి. బాబాయి అనే గడి తమరి మీద అచ్చు వెయ్యలేదు.

అడ్మిషన్ నాడు మాకు తమర్ని చూపించలేదు. బ్రోచర్ చూపించారు. అందులో ‘వీకెండ్ యాక్టివిటీస్’ అని ఒక పేజీ నిండా ఫొటోలు. ఒక పాప గుర్రం మీద ఉంది. ఇంకో పాప ఈతకొలనులో ఉంది. ముగ్గురు గిటార్లు పట్టుకుని నవ్వుతున్నారు. చేర్పించి ఫీజు కట్టాక, “గుర్రం ఎక్కడుందండీ?” అని అడిగాను. కౌంటర్లో అబ్బాయి మొహమాటపడకుండా చెప్పాడు, “అది వేరే క్యాంపస్ సార్.” గుర్రం కూడా ర్యాంకుని బట్టి సెక్షన్ మారినట్టుంది.

ఇక మా క్యాంపస్‌లో వీకెండ్ అంటే టెస్టు. శనివారం దానికి రివిజన్, ఆదివారం పొద్దున్న టెస్టు, రాత్రికి మార్కులు, సోమవారం ఎవరు ఏ సెక్షనో తేలడం. యాక్టివిటీ అంటారా, అదీ ఉంది. ఒక ఆదివారం సాయంత్రం ప్రొజెక్టర్ మీద సినిమా వేస్తామన్నారట. పిల్లలు దిండ్లు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. వేసింది పాత టాపర్ ఇంటర్వ్యూ. రోజుకి పదహారు గంటలు ఎలా చదవాలో చెప్పాడట. మా పిల్ల ఫోన్లో అంది, “ఇంటర్వెల్ కూడా ఇవ్వలేదు నాన్నా.”

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తమరి మీద ‘కారణం’ అని ఒక గీత ఉంది. దానితోనే నాకు తగువు.

నెలకోసారి, రెండో ఆదివారం, టెస్టయ్యాక ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా బయటికి తీసుకెళ్లడానికి నేను కారణం రాయాలి. మొదటిసారి అమాయకంగా ‘పిల్లని చూడాలనిపించింది’ అని రాశాను. మేడమ్ చదివి, “ఇది కారణం కాదు సార్, ఇంకేమైనా రాయండి” అన్నారు. పక్కన నుంచున్న ఒకాయన అనుభవజ్ఞుడిలా ఉన్నాడు, నా చెవిలో “పన్ను నొప్పి రాయండి” అన్నాడు. చుట్టూ చూస్తే అందరూ అదే రాస్తున్నారు. ఆ బిల్డింగులో అన్ని పళ్లు ఒకే ఆదివారం ఎలా పుచ్చిపోతున్నాయో ఎవరికీ అనుమానం రాదు.

నేను కొంచెం వైవిధ్యం కోసం ‘కంటి పరీక్ష’ అని రాశాను. సంతకం పడింది. మరీ అబద్ధమెందుకని నిజంగానే తీసుకెళ్లాను. డాక్టరు గారు అట్టముక్కతో ఒక కన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదవమన్నారు. రెండో వరస దగ్గరే పిల్ల ఆగిపోయింది. మైనస్ ఒకటిన్నర. “ఇన్నాళ్లూ తెలీలేదామ్మా?” అని అడిగారు. అది కాసేపు ఆలోచించి చెప్పింది, “బోర్డు దగ్గరే కూర్చుంటాను సార్. అంతకంటే దూరం చూడాల్సిన పని పడలేదు.”

ఆ మాటకి డాక్టరు గారు నవ్వలేదు. చిన్నప్పట్నుంచీ పిల్లలు రోజూ రెండు గంటలు బయట వెలుతురులో తిరిగితే ఈ దగ్గరి చూపు రావడం తగ్గుతుందని చెప్పారు. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకి 120 నిమిషాలు ఆరుబయట తిప్పే కార్యక్రమమే పెట్టుకున్నారట. నేను మనసులో లెక్క వేసుకున్నాను. రోజుకి రెండు గంటలంటే నెలకి అరవై. తమరి దయవల్ల మాకు దొరికేవి మూడు. అందులో గంటంబావు ఆ రోజు కంటాసుపత్రి బల్ల మీదే గడిచింది.

వెళ్లేదారిలో ఇంకోటి తెలిసింది. పిల్ల ఈ ఊరొచ్చి పద్నాలుగు నెలలు. కృష్ణని చూడలేదు. ప్రకాశం బ్యారేజీ మీద నుంచి కాదు కదా, బస్సు కిటికీలోంచి కూడా చూడలేదు. కానీ నది గురించి దానికి తెలియనిది లేదు. నీటివేగం ఇంత, పడవవేగం ఇంత, అవతలి ఒడ్డుకి నేరుగా చేరాలంటే పడవని ఏ కోణంలో నడపాలి? కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. రిలేటివ్ వెలాసిటీలో అలాంటి లెక్కలు వందల కొద్దీ చేసిందట. నిజం నది ఆటోలో వెళ్లేంత దూరంలో ఉంది. “ఒక్క పది నిమిషాలు ఆగుదామా, అవతల ఉండవల్లి గుహలు కూడా చూపిస్తా” అన్నాను. అది వాచీ చూసుకుంది. “వద్దు నాన్నా, నాలుగు దాటితే వచ్చే నెల ఔటింగ్ కట్.” నది అలాగే ఉండిపోయింది. దానికెవరూ టైం పెట్టలేదు కదా.

నేనూ హాస్టల్ పిల్లాణ్ణే. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులాల వరసలోదే మా బడి కూడా. మాకు తమరి లాంటి వారి పరిచయం లేదు. ఆదివారం పొద్దున్నే ట్రంకు పెట్టెలు ఎండలో పడేసి, నల్లులు దులిపి, దుప్పట్లు నెత్తిన పెట్టుకుని చెరువుకి పోయేవాళ్లం. ఉతకడం అరగంట, మిగతాదంతా ఈత. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకి గరిటెలు, గంగాళాలు మేమే మోసేవాళ్లం. పీఈటీ సారు వెళ్లేటప్పుడు లెక్కపెట్టేవాడు, వచ్చేటప్పుడు లెక్కపెట్టేవాడు, ఒకడు తగ్గితే రేగుచెట్టు దగ్గరికి మనిషిని పంపేవాడు. అదంతా బంగారమని చెప్పను. గజ్జి ఉండేది, నీళ్లచారు ఉండేది, బెత్తం ఉండేది. పిల్లల్ని అలా చెరువుకి వదలడం తప్పే, ఇవాళ మా పిల్లని వదలమంటే నేనే ఒప్పుకోను. కానీ చెరువుకి వెళ్లడానికి పన్ను పుచ్చాలని మాకెవరూ చెప్పలేదు.

తమరి జాతిలో గొప్పవారు లేకపోలేదు. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ భువనగిరి బండ ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే, ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. అదీ ఔటింగే కదండీ. సాయంత్రం నాలుగింటికల్లా గేటులో ఉండాలని వాళ్ల చీటీ మీద మాత్రం రాసుండరు.

మొన్నటి రెండో ఆదివారం సంగతి కూడా తమరికి తెలియాలి. గేటు ఎదురుగా రోడ్డు వారన వేపచెట్ల కింద దుప్పట్లు పరుచుకుని వంద కుటుంబాలు. ఎటు చూసినా క్యారియర్లు. కొత్తవాళ్లు చూస్తే జాతర అనుకుంటారు. ఒక తల్లి కూతురి తడి జుట్టు చిక్కు తీస్తోంది. ఆరో తరగతి ఒలింపియాడ్ బ్యాచ్ బుడతడొకడు నాన్న ఫోన్లో గేమ్ ఆడుతూ, నోరు మాత్రం అమ్మ ముద్దకి తెరుస్తున్నాడు. మా ఆవిడ తెల్లవారుజామున లేచి కోడికూర, గారెలు చేసింది. పిల్ల నాలుగు ముద్దలు తిని, కారు వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకుంది. చేతిలో ఫార్ములాల చిన్న పుస్తకం అలాగే ఉంది. ‘లేపనా’ అని నేను సైగ చేస్తే మా ఆవిడ వద్దంది. గంటన్నర సేపు ఇద్దరం ముందు సీట్లలో కూర్చుని, గాజుగ్లాసు తీసుకెళ్తున్నవాళ్లలా మెల్లిగా ఊపిరి తీశాం. మూడున్నరకి లేపాం. చెంప మీద సీటు కవరు గీతలు. “ఇంకా టైముందా?” అంది.

కొత్త జాతీయ విద్యావిధానం 2020లో, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి పది రోజులు సంచీ లేని రోజులుండాలని రాశారు. బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతి, ఆట పిల్లల హక్కంటుంది. మన దేశం 1992లోనే దానికి ఒప్పుకుంది. ఈ సంగతులు నేను ప్రిన్సిపాల్ గారికి చెబుదామనుకున్నాను. ఆయన క్యాబిన్ ముందు క్యూ చూసి ఊరుకున్నాను. ఆ క్యూకి కూడా ఒక చీటీ ఉంది.

అందుకే తమరికే రాస్తున్నాను. గుర్రం అడగను. ఈతకొలను బ్రోచర్లోనే ఉండనివ్వండి. నా కోరికల్లా ఆ ‘కారణం’ గీత మీద ఒక్క మాటని చెల్లనివ్వమని. ‘ఊరికే’. పిల్లని ఊరికే బయటికి తీసుకెళ్తాం. ఊరికే నది ఒడ్డున నుంచుంటాం. పడవ ఏ కోణంలో పోతోందో ఎవరూ అడగరు. వచ్చే రెండో ఆదివారం నేను అదే రాయబోతున్నాను, మేడమ్ గారి కంటే ముందు తమరికి తెలియజేద్దామని ఈ ఉత్తరం. సంతకం పడకపోతే పన్ను ఎలాగూ ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
కార్డు మెడలో వేసుకున్న ఒక తండ్రి

తా.క.: ఆ రోజు మిగిలిన కోడికూర రాత్రి ఇంటికొచ్చి మేం తిన్నాం. ఉప్పు వెయ్యడం మర్చిపోయింది మా ఆవిడ. పిల్ల నాలుగు ముద్దలూ తిని, బాగుందమ్మా అని చెప్పింది.