నాలుగు స్క్రూల దిట్టం

తిరుపతి గాంధీ రోడ్డులో నేను ముప్పయ్యేళ్లుగా ఇంటి సామాన్లు కొంటున్న దుకాణం ఒకటుంది. మొన్న అక్కడే 43 అంగుళాల టీవీ కొన్నాను. పెట్టె విప్పితే టీవీ ఉంది, రిమోటు ఉంది, ఇల్లంతా రాలేటంత థర్మాకోలు ఉంది. గోడకు తగిలించే బ్రాకెట్టు లేదు. దాన్ని బిగించే నాలుగు స్క్రూలూ లేవు.

"ఈ మోడల్ నుంచి తీసేశారు సార్," అన్నాడు ఓనరు, ఇంట్లో ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి. "పరవాలేదు, మేమే ఇస్తాం."

ఇంతకాలం కంపెనీ ఇచ్చేది, ఇప్పుడు 'మేమే' ఇస్తున్నాం. ధర మాత్రం ఒక్క రూపాయి కదలలేదు. రేణిగుంట దగ్గర టీవీలు, శ్రీసిటీలో ఏసీలు తయారయ్యే జిల్లా మాది. ఇక్కడ స్క్రూలకు కరువొచ్చిందంటే నమ్మడం కష్టం.

కాబట్టి ఇది కరువు కాదు, మేధస్సు. ఆ నిర్ణయం జరిగిన గది నా కళ్లకు కడుతోంది. పెద్ద బల్ల, చుట్టూ టై కట్టుకున్న పన్నెండుమంది. మధ్యలో తెల్లకాగితం మీద ఒక స్క్రూ. ఒకాయన దాన్ని తూస్తాడు. ఇంకొకాయన నాలుగుతో, ఆపైన లక్షతో హెచ్చిస్తాడు. గది నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు కొత్తగా చేరిన కుర్రాడొకడు చెయ్యెత్తి, "మరి కొన్నవాడు టీవీని ఎలా తగిలించుకుంటాడు?" అని అడుగుతాడు. అందరూ వాడివైపు జాలిగా చూస్తారు. "డీలర్లున్నారు కదా నాయనా!"

ఇంతటి మేధావులూ ఒకటి మరిచారు. పెట్టెలోని పుస్తకం పాతదే. అందులో నాలుగు స్క్రూల బొమ్మ చక్కగా ఉంది. కింద హెచ్చరిక: 'దీనితోపాటు ఇచ్చిన స్క్రూలను మాత్రమే వాడండి.' ఇవ్వని స్క్రూలను మాత్రమే వాడాలట. వేదాంతం చదువుకున్నవాళ్లకు కూడా కాస్త కష్టమైన వాక్యమే.

మా ఊరివాళ్లకు ఇలాంటి లెక్కలు చెప్పడం అంత తేలిక కాదు. కొండమీద పోటులో, అంటే శ్రీవారి వంటశాలలో, లడ్డూకు దిట్టం ఉంటుంది. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400 కిలోలు, జీడిపప్పు 30 కిలోలు అని రాసిపెట్టిన లెక్క. (నెయ్యి జోలికి పోను, బతకాలి కదా.) రేపు కౌంటర్లో లడ్డూ చేతికిచ్చి, "జీడిపప్పు తీసేశాం స్వామీ, కింద బస్టాండులో కొని గుచ్చుకోండి" అంటే ఊరుకుంటారా? టీవీ విషయంలో ఊరుకున్నాం.

ఓనరు పనికుర్రాణ్ణి హార్డ్‌వేర్ కొట్టుకు పంపాడు. వాడు తెచ్చిన స్క్రూలు లావు సరిపోయాయి, పొడవు ఒక వేలి కణుపు ఎక్కువ. వాడికెలా తెలుస్తుంది? మా ఇంట్లో స్టూలెక్కి, నాలుక బయటపెట్టి, మణికట్టు నొప్పెట్టేలా తిప్పాడు. నాలుగోది బిగుస్తుంటే లోపల చిన్న చప్పుడు. టీవీ వేస్తే తెర మీద కుడివైపు నల్లటి మచ్చ, దాని చుట్టూ సాలెగూడు.

కంపెనీ సర్వీసు మనిషి వచ్చాడు, వెనక్కి తిప్పి ఫోటో తీసుకున్నాడు. "బయటి స్క్రూ. వారంటీ వర్తించదు."

లోపలి స్క్రూ ఏదయ్యా అంటే పుస్తకంలోని బొమ్మ చూపించాడు.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ ప్రకారం, అమ్మినవాడు వస్తువులో మార్పు చేసి, ప్రధానంగా ఆ మార్పువల్లే ఎవరికైనా హాని జరిగితే బాధ్యత అతనిది. అంటే రేపు టీవీ జారి ఎవరి కాలి మీదో పడితే, స్క్రూలు పెట్టనివాడు హాయిగా ఉంటాడు, పెట్టినవాడు అవి మార్పు కాదని రుజువు చేసుకుంటూ కోర్టు మెట్లెక్కాలి.

నాకు ఓనరు తన చేతి డబ్బుతో కొత్త టీవీ ఇచ్చాడు. పెద్దమనిషి అనుకున్నాను. తర్వాత తెలిసింది, అందులో సగం ఆ కుర్రాడి జీతంలోంచి నెలనెలా కోస్తున్నాడని. నెలకు తొమ్మిది వేలు తెచ్చుకునేవాడు! ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆ పన్నెండుమందిలో ఒక్కడి జీతంలోనైనా ఒక్క పైసా తెగిందా? వాళ్లు మిగుల్చుకున్నది పొదుపట! ఇది దొంగతనం. మా స్టూలు మీద నిలబడి చెమటోడ్చిన పిల్లవాడి జేబులోంచి తీసిన డబ్బు. ఆ మాటే ఓనరుతో అన్నాను. "నా మార్జిన్‌లో ఏముంది సార్, కంపెనీకి క్లెయిము పెట్టినా ఆ డబ్బు మా ఖాతాలో జమచేసే క్రెడిట్ నోట్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి" అన్నాడు. నిజమే కావచ్చు. అయినా పైవాడు తోస్తే కిందివాడి మీద పడడం తప్ప ఇంకో దారి తట్టలేదా అని అడిగాను. జవాబు లేదు. కోత ఆపుతానని మాత్రం చివరికి ఒప్పుకున్నాడు, ఆపాడో లేదో వచ్చే ఒకటో తేదీన వెళ్లి కుర్రాణ్ణే అడుగుతాను.

నేను లేచి వస్తుంటే గల్లాపెట్టె వెనక గోడకు కొత్త గడియారం కనిపించింది. టార్గెట్ దాటినందుకు కంపెనీ పంపిన బహుమానమట. ముళ్లు కదలడం లేదు.

"సెల్లు రాలేదు సార్," అన్నాడు. "మేమే వేసుకోవాలి."