కొండను పిండి చేస్తారు, చేతికి అందే చిట్టెం మాత్రం వద్దంటారు

ఈ ఉదయం గాజువాకలో మా వీధి మలుపు దగ్గర తారు రోడ్డు వేస్తున్నారు. కంకర లారీ పక్కన నిలబడి ఉన్న సూపర్‌వైజరును, ఉక్కు కర్మాగారం ఇంత దగ్గరలో ఉండగా ఉక్కు తయారీలో మిగిలే రాయిలాంటి స్లాగ్ వాడకుండా కొండరాయి ఎందుకు తెప్పిస్తున్నారని అడిగాను. "అది ఫ్యాక్టరీ చెత్త మాస్టారూ, చెత్తతో రోడ్డేమిటి?" అని చేయి విదిలించి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నమైనా నాకు ఆ కోపం చల్లారలేదు.

ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టరు అనే పాత్రలో కరిగిన ఇనుము మీదికి ఆక్సిజన్ ఊది, సున్నం వేసి మలినాలను లాగేస్తే పైకి తేలి, చల్లారాక రాయిలా గట్టిపడే పదార్థం చెత్త ఎలా అవుతుంది? మన పెద్దలు ఇనుప చిట్టెం అన్నది ఈ జాతి పదార్థాన్నే. టన్ను ఉక్కుకు 100 నుంచి 200 కిలోల దాకా వస్తుంది. అంతకు ముందు దశలో, ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ అనే కొలిమిలో వచ్చే స్లాగ్‌ను సిమెంటు కంపెనీలు కొనుక్కుంటాయి కాబట్టి దానికి గౌరవం దక్కింది, ఈ ఉక్కు స్లాగ్‌కు మాత్రం గుట్టగా పడి ఉండే రాత మిగిలింది.

సూరత్ దగ్గర హజీరాలో 2022లో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల మార్గదర్శకత్వంలో ఆరు వరుసల రోడ్డును కొండరాయికి బదులు పూర్తిగా ఉక్కు స్లాగ్‌తో వేశారు. దాని మందం మామూలు రోడ్డు కంటే 30 శాతం తక్కువ. రోజూ వెయ్యికి పైగా బరువు లారీలు ఆ దారినే పోతున్నాయి. అక్కడ రోడ్డైనది ఇక్కడ చెత్త ఎందుకయింది?

తారు పని తెలిసినవారికి ఇంకో సంగతి చెప్పనక్కరలేదు. సిలికా ఎక్కువగా ఉన్న రాయిని తారు గట్టిగా పట్టుకోదు. వాన నీరు మధ్యలోకి దిగితే పొర ఊడి, కంకర లేచి, గుంత పడుతుంది. క్షారగుణమున్న, గరుకుగా ఉండే స్లాగ్‌ను అదే తారు అంటిపెట్టుకుని ఉంటుంది. ఏటా తుఫానుల్లో నానే ఊరికి ఇంతకంటే ఏం కావాలి?

నిజమే, దాన్ని తెచ్చిన వెంటనే పరిచేయకూడదు. లోపల మిగిలిన సున్నం నీరు తాకి ఉబ్బితే రోడ్డు పైకి పొంగుతుంది. అందుకే నెలల తరబడి తడుపుతూ ఎండనిచ్చి, ఇనుము ముక్కలను అయస్కాంతంతో ఏరి, ఉబ్బు పరీక్ష చేశాకే వాడాలి. రాయి కంటే బరువు కాబట్టి దూరం తీసుకువెళ్తే రవాణా ఖర్చు కూడా పెరుగుతుంది. కర్మాగారం పక్కనే ఉన్న మనకు ఆ అడ్డంకి కూడా లేదు కదా!

నా అసలు బాధ మా అమ్మగారి ఊరి కొండ. అనకాపల్లి వైపున్న ఆ ఊళ్ళో నా చిన్నతనంలో సీతాఫలాలు కోసుకున్న కొండను క్రషర్ సగానికి పైగా తినేసింది. పేలుడు మోగినప్పుడల్లా మా మేనమామ ఇంటి గోడ అదురుతుంది, వడియాలు ఎండబెడితే వాటి మీద తెల్లటి రాతిపొడి పేరుకుంటుంది. ఫిర్యాదు చేస్తే, రోడ్లకు కంకర కావాలి కదా అని ఇరవై ఏళ్ళుగా అదే జవాబు. కంకర కావాలి, ఒప్పుకుంటాను. అది ఆ కొండ నుంచే రావాలని ఏ శాస్త్రం చెప్పింది?

ఈ జిల్లాలో రోడ్డు టెండర్లు రాసే ఇంజనీర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వచ్చే టెండరులో కంకర అన్న మాట పక్కన "శుద్ధి చేసి పరీక్షించిన ఉక్కు స్లాగ్" అని చేర్చండి. ముందు మా వీధి లాంటి ఒక్క కిలోమీటరు వేసి, రెండు వానాకాలాలు చూడండి.