ఆకులకూ ఒక బల్ల వేయండి

మన లీడ్స్ తెలుగు సంఘం ఆగస్టు వనభోజనాల్లో జరిగింది మీలో చాలామంది చూశారు. కొందరు నవ్వారు కూడా. రాని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. పెరటి పంటల పోటీ బల్ల మీద సొరకాయలు, బీరకాయలు, నిగనిగలాడే వంకాయలు బారులు తీరి ఉన్నాయి. వాటి పక్కన మా అత్తయ్య ఒక స్టీలు బేసిన్‌లో మెంతికూర, కొత్తిమీర, ఆవాకు, పుల్లటి ఆకు ఒకటి, కట్టలు కట్టలుగా సర్దిపెట్టారు. వాడిపోకుండా తడిగుడ్డ కప్పి, దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని తెచ్చిన బేసిన్ అది. మైకు పట్టుకున్న తమ్ముడు అక్కడికొచ్చి, "ఆంటీ, ఇది కూరగాయల పోటీ అండీ, ఆకుల పోటీ కాదు. ఇవి వంట టెంటులో ఇచ్చేయండి, పప్పులో పడేస్తారు" అన్నాడు. అందరూ నవ్వారు. తూకం మిషన్ వచ్చింది, బహుమతి ఎప్పటిలాగే సొరకాయకు వెళ్లింది.

అత్తయ్య అక్కడ ఏమీ అనలేదు. కారెక్కాక మాత్రం, "ఆ అబ్బాయి వాళ్లింట్లో పప్పులో ఏమేసుకుంటారే?" అని అడిగారు.

బహుమతి రాలేదని ఈ వ్యాసం రాయడం లేదు. ఆ టిఫిన్ బాక్సుల సెట్లు మా ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి, కిందటి సంక్రాంతి ముగ్గుల పోటీవి. నా బాధల్లా, మన సంఘంలో పంటను కిలోల్లో కొలుస్తున్నాం, కిలోలేమో ఎండని బట్టి వస్తాయి. ఎండ మనం కష్టపడి సంపాదించుకున్నది కాదు. ఇల్లు ఏ వైపు తిరిగి ఉంటే దాన్ని బట్టి దక్కింది.

ఇక్కడ ఇంగ్లండులో, మన లీడ్స్‌లో మన వాళ్లు ఇల్లు చూడటానికి వెళ్తే గుమ్మం ముందు ఫోన్‌లో దిక్సూచి తీస్తారు. దక్షిణం గుమ్మం అని తేలితే వంటగది కూడా చూడకుండా వెనక్కి తిరుగుతారు. మేము తిరగలేదు. బడ్జెట్లో ఉంది, స్కూలు దగ్గర, అంతే. గుమ్మం దక్షిణానికి కాబట్టి పెరడు ఉత్తరానికి వచ్చింది. "వాస్తు చూసుకోకపోతే ఇంతే మరి" అని మా పెరడు చూసిన వాళ్లు అనకుండా వెళ్లరు. నాకు వాస్తు మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ నియమం ఈ దేశంలో అనుకోకుండా పనికొస్తోందని ఒప్పుకోవాలి. దక్షిణం గుమ్మం వద్దన్న వాళ్లందరికీ ఉత్తరం పెరడు తప్పిపోతుంది. సొరకాయ బహుమతుల్లో సగం ఫలం దానిదే.

లెక్క చెబుతాను. లీడ్స్ దాదాపు 54 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు నెలాఖరులో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 13 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అదే రోజు విజయవాడలో 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 13 డిగ్రీలంటే, ఆరడుగుల కంచె నీడ పాతికడుగులు దాటి పడుతుంది. రెండంతస్తుల ఇంటి నీడైతే వందడుగులు. మా పెరడంతా కలిపినా అంత పొడుగు లేదు. అక్టోబరులో ఇంటి వెనక్కి వెళ్లిన ఎండ మళ్లీ వసంతం వస్తే గాని కనపడదు. ఇక జూన్‌లో వేరే కథ. తెల్లవారుజామున నాలుగున్నర దాటగానే సూర్యుడు తూర్పున కాదు, బాగా ఈశాన్యానికి జరిగి లేస్తాడు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక వాయవ్యంలో దిగుతాడు. దానివల్ల మా ఉత్తరం పెరట్లోకి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఏటవాలు ఎండ పడుతుంది. సాయంత్రం వాటాలో సగం పక్కింటి సైకమోర్ చెట్టు తినేస్తుంది.

ఆ పెరటి చివర పాత యజమాని వదిలేసి వెళ్లిన గ్రీన్‌హౌస్ ఉంది. ఆరడుగులు, ఎనిమిదడుగులు. మేము దాన్ని సైకిళ్లు, బార్బెక్యూ పెట్టుకోవడానికి వాడేవాళ్లం. మార్చిలో ఆరు నెలల వీసా మీద అత్తయ్య వచ్చారు. కంకిపాడు దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, ఖాళీగా కూర్చోలేరు. "ఈ అద్దాల గదిలో సైకిళ్లేంటి?" అని రెండో రోజే బయట పెట్టించారు.

అందరిలాగే మొదట ఉగాది నాడు సంఘం పంచిన బీర, వంగ నారే నాటాం. బీర తీగ పైకప్పు దాకా పాకింది, అరచేతులంత ఆకులు వేసింది. మొదట పూసినవన్నీ మగపూలే. ఆలస్యంగా వచ్చిన రెండు మూడు పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. వంగ పూత పూతగానే రాలింది. ఇందులో పెంచిన చేతి తప్పేమీ లేదు. కాయ నింపడానికి మొక్కకు చాలా చక్కెర కావాలి, దానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నేరుగా పడే ఎండ ఉండాలి. ఆకుకైతే మూడు నాలుగు గంటలు, మిగతా పొద్దంతా వెలుతురున్న ఆకాశం ఉంటే సరిపోతుంది. అత్తయ్యకు ఈ గంటల లెక్క ఎవరూ చెప్పలేదు. తీగను ఓ వారం చూశారు, "దీనికి ఆశ ఎక్కువ, అన్నం తక్కువ" అని పీకేశారు.

ఆ తర్వాత వంటింటి డబ్బాల్లోంచి మెంతులు, ఆవాలు, ధనియాలు తీసి చల్లారు. ధనియాలను అప్పడాల కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి మరీ చల్లారు. మెంతులు నాలుగైదు రోజుల్లో లేచాయి. గార్డెన్ సెంటర్‌లో సారెల్ అనే మొక్క కనపడితే ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, కళ్లు చిట్లించి, "చుక్కకూర చెల్లెలే ఇది" అని రెండు కుండీలు కొనిపించారు. అది ఈ నేల మొక్కే, ఏళ్ల తరబడి బతుకుతుంది, కాస్త నీడను ఓర్చుకుంటుంది. పప్పులో వేస్తే పులుపు సరిగ్గా అందుతుంది.

నీడకూ ఒక సుగుణం ఉందని నాకు జూన్‌లో అర్థమైంది. ఎండ బాగా తగిలే గ్రీన్‌హౌస్‌లు ఉన్న వాళ్లు కొత్తిమీర గురించి ఏడుస్తుంటారు, నాలుగు ఆకులు కోసేలోపే కాడ లేచి పూతకొచ్చేస్తుందని. పాలకూరదీ అదే వరస. ఈ పొడుగాటి పగళ్లకు వేడి తోడైతే వాటికి తొందర ఎక్కువ. పగటి పొడుగును నీడ ఏమీ చేయలేదు గానీ వేడిని తగ్గిస్తుంది. జులైలో ఎండ తగిలే గ్రీన్‌హౌస్ తలుపు తీస్తే వేడి ముఖానికి కొడుతుంది. మాది చల్లగా ఉంటుంది. పది పదిహేను రోజులకొకసారి కొద్ది కొద్దిగా చల్లుకుంటూ పోతే వేసవంతా కొత్తిమీర కోశాం.

అలాగని నీడలో పని తక్కువ కాదు, వేరే రకం పని. సైకమోర్ చెట్టు నుంచి జిగురు రాలి అద్దాల మీద అంటుకుంటుంది, దాని మీద దుమ్ము, పచ్చటి పాచి పడతాయి. ఉన్న కాస్త వెలుతురూ అక్కడే ఆగిపోతుంది. స్పాంజి పెట్టి సబ్బునీళ్లతో కడిగిన రోజు లోపల తేడా కంటికి కనపడుతుంది. వెనక కంచెకు తెల్ల రంగు వేయించాం, వెలుతురు తిరిగి మొక్కల మీద పడటానికి. నీళ్లు పొద్దున్నే, అదీ మట్టి వేలితో తాకి చూసి. సాయంత్రం పోస్తే రాత్రంతా తేమ నిలిచి, బూడిద రంగు బూజు పట్టి కాడలు కుళ్లుతాయి. ఎరువు సగమే చాలు, వెలుతురు తక్కువ చోట నత్రజని ఎక్కువేస్తే ఆకు మెత్తబడి రుచి పోతుంది. పై కిటికీ చలిగా ఉన్నా కాసేపు తీయాలి. ఇవన్నీ చేసినా గోంగూర రాదు. దానికి వేడీ ఎండా రెండూ కావాలి. గుంటూరు వాళ్లు నన్ను క్షమించాలి. శీతాకాలంలో ఎల్ఈడీ దీపం పెట్టుకోమని కొందరంటారు. వంద వాట్లది రోజుకు పన్నెండు గంటలు వెలిగితే, యూనిట్ పాతిక పెన్నీల లెక్కన నెలకు తొమ్మిది పౌన్లు. కొత్తిమీర పిచ్చి ఉన్న వాళ్లకు గిట్టుబాటే, మాకు కాదు.

అసలు నీడలో పెంచిన పంటను చిన్నచూపు చూసే హక్కు, లీడ్స్ ఉన్న ఈ యార్క్‌షైర్‌లో బతికే మనకు ఎక్కడిది? వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాథ్‌వెల్ ఊళ్ల మధ్య రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్కను పండించే షెడ్లున్నాయి. మనలో చాలామంది ఆ రోడ్ల మీదే రోజూ ఆఫీసుకు వెళ్లొస్తాం. రెండేళ్లు పొలంలో పెరిగిన దుంపలను చలి తగలనిచ్చి, కిటికీల్లేని షెడ్లలోకి తెచ్చి, చిమ్మచీకట్లో పెంచుతారు. జనవరి నుంచి మార్చి దాకా కొవ్వొత్తుల వెలుగులో కాడలు కోస్తారు. ఆ పంటకు 2010లో యూరప్ వాళ్లు ప్రాంతం పేరుతో రక్షణ గుర్తింపు కూడా ఇచ్చారు. ఆ గులాబీ రంగు కాడలతో మనం పప్పు చేసుకుంటాం, పచ్చడి నూరుకుంటాం, గోంగూర లేని లోటు తీర్చుకుంటాం. (కాడలు మాత్రమే. ఆకులో విషం ఉంటుంది, పొరపాటున కూడా వండకండి.) మరి మన బల్ల మీదకు వచ్చేసరికి తూకం మిషన్ ఎందుకు?

సొరకాయ పెంచిన వాళ్ల కష్టం నాకు తెలియనిది కాదు. మార్చిలో గింజలు నానబెట్టి రేడియేటర్ పక్కన మొలకెత్తించాలి, మే నెలాఖరు దాకా చలికి లోపలే కాపాడాలి, చీకటి పడ్డాక విచ్చే పూలకు టార్చి పట్టుకుని చేత్తో పుప్పొడి అద్దాలి. ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే. వాళ్ల బహుమతి వాళ్లకు ఉండనివ్వండి.

కానీ మన సంఘం మారింది. పదిహేనేళ్ల కిందట వచ్చిన వాళ్లకు పెద్ద పెరళ్లున్నాయి. ఇప్పుడు కొత్తగా వస్తున్న నర్సులు, కేర్ హోముల్లో పనిచేసే వాళ్లు, చదువుకునే పిల్లలు గోడకు గోడ ఆనుకుని వరసగా కట్టిన టెర్రస్ ఇళ్లలో అద్దెకుంటున్నారు. కొందరివి వెనక పెరడే లేని బ్యాక్-టు-బ్యాక్ ఇళ్లు. ఒక్క కిటికీ గట్టు, లేదా నాలుగు వైపులా గోడలున్న చిన్న యార్డు, వాళ్లకు అంతే. అలాంటి అమ్మాయి చేతిలో ఉగాది నాడు సొర నారు పెట్టి పంపుతున్నాం. ఆగస్టుకు అది ఎండి, "నా చేతికి మొక్క రాదు" అని ఆ పిల్ల అనుకుంటోంది. వనభోజనాలకు ఒట్టి చేతులతో వచ్చి, బల్ల మీద కాయలతో ఫొటో దిగి వెళ్తోంది. ఇది నాకు మైకు జోకు కంటే ఎక్కువ గుచ్చుకుంటోంది.

అందుకని కమిటీ వారిని అడిగేవి ఇవి. నారు ఇచ్చే ముందు "మీ పెరడు ఏ వైపు అమ్మా? ఎండ ఎంతసేపు పడుతుంది?" అని ఒక్క మాట అడగండి. గుమ్మం దిక్కు అడగడం మనకెలాగూ అలవాటే. ఎండ లేని వాళ్లకు నారు బదులు గింజలివ్వండి. వచ్చే ఆగస్టులో ఆకులకు వేరే బల్ల వేయండి, తూకం లేకుండా. కోసి చూపించక్కర్లేదు, కుండీతో సహా తెచ్చుకోవచ్చు. తీర్పు మన పెద్దావిడలకు వదిలేయండి, వాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేస్తారు.

కాయలే కావాలనే వాళ్లకు దారి లేకపోలేదు. అలాట్‌మెంట్లు, అంటే పంటలు వేసుకోవడానికి కౌన్సిల్ అద్దెకిచ్చే చిన్న స్థలాలు, వాటి కోసం 1908 నాటి చట్టం ఒకటి ఉంది. కౌన్సిల్ టాక్స్ కట్టేవాళ్లు ఆరుగురు కలిసి మాకు స్థలం కావాలని రాసిస్తే కౌన్సిల్ ఆ మాట పట్టించుకుని పరిశీలించాలి. మన వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే గులాబీ పూలు పంపేవాళ్లే ఆరుగురికి మించి ఉన్నారు. కమిటీ మీటింగులో పెడితే ఆ ఉత్తరం నేను రాసిస్తాను.

ఉగాది పనుల జాబితా జనవరిలోనే తయారవుతుంది కదా, పులిహోర ఎవరు, పచ్చడి ఎవరు అన్న దాని కిందే ఇది కూడా రాసుకోండి. మెంతులు, ఆవాలు, ధనియాలు చిన్న చిన్న కవర్లలో కట్టే పని మా ఇంట్లో చేస్తాం. కుండీలు కొనక్కర్లేదు. ఇప్పటి నుంచీ కిలో పెరుగు డబ్బాలు పారేయకుండా ఉంచి, అడుగున నాలుగు చిల్లులు పెట్టి ఉగాదికి తీసుకురండి.